గుహుడి పడవ, నీలం హనుమంతుడు

మా అమ్మమ్మగారింట్లో దేవుళ్ళు రెండు చోట్ల ఉండేవారు. పూజగదిలో అద్దాల ఫ్రేముల్లో ఉన్నవాళ్ళు ఎప్పుడు చూసినా మనవైపే చూస్తూ, అభయహస్తం పట్టి, కదలకుండా ఉండేవారు. స్నానం చేస్తే గానీ వాళ్ళ దగ్గరికి వెళ్ళకూడదు. హాల్లో తూర్పు గోడ మీద ఉన్నవాళ్ళు వేరు. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకునేవారు. విల్లు ఎక్కుపెట్టేవారు, పడవెక్కేవారు, ఏడ్చేవారు, వారధి కట్టేవారు. మనం చూస్తున్నామన్న ధ్యాసే వాళ్ళకి ఉండేది కాదు. ఆ గోడ మీద వేలాడింది శ్రీకాళహస్తి కలంకారీ రామాయణం. నాకు రాముడు పరిచయమైంది ఆ గుడ్డ మీదే.

ఇల్లు విజయవాడ సత్యనారాయణపురంలో. అప్పట్లో ఆ పేటలోంచి రైలు పట్టాలు వెళ్ళేవి. ఇప్పుడు పట్టాలు తీసేసి బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు, కొత్తగా వచ్చినవాళ్ళకి చెబితే నమ్మరు. బండి వెళ్ళినప్పుడల్లా ఇల్లు అదిరి, గుడ్డ అడుగున కుట్టిన వెదురు బద్ద టకటకా గోడకి కొట్టుకునేది. "వానరసేన బయల్దేరింది రోయ్" అనేవాడు మా చిన్నమామయ్య.

తాతయ్య రైల్వేలో పనిచేసేవాడు. మా అమ్మ బళ్ళో చదువుకునే రోజుల్లో, అంటే అరవైల్లో, పాసు మీద అమ్మమ్మని తీసుకుని కాళహస్తి దర్శనానికి వెళ్ళాడట. గూడూరులో బండి మారి వెళ్ళడం, గుడిలో వాయులింగాన్ని చూడటం, స్వర్ణముఖిలో స్నానం, ఇవన్నీ అమ్మమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. తిరిగొచ్చేటప్పుడు ఒక ఇంటి అరుగు మీద పరిచి ఉన్న ఈ గుడ్డని చూసి తాతయ్య అక్కడే కూర్చుండిపోయాడట. ఎంతకి కొన్నాడో అమ్మమ్మకి చివరిదాకా చెప్పలేదు. ఆ ఏడు దసరాకి ఇంట్లో ఎవరికీ కొత్త బట్టలు లేవని మాత్రం అమ్మ చెబుతుంది.

తాతయ్య కంట పడటానికి ఆ గుడ్డ అక్కడ ఉండటమే గొప్ప సంగతి. కాళహస్తిలో ఈ రాతపని ఒకప్పుడు గుళ్ళని, జమీందార్లని నమ్ముకుని బతికింది. దేవుడి వెనక కట్టే తెరలు, రథాలకి కట్టే గుడ్డలు రాసేవారు. ఆ ఆదరణ పోయాక పనివాళ్ళు తలో దారీ పట్టారు. కమలాదేవి చటోపాధ్యాయ పూనుకోవడం వల్ల అఖిల భారత హస్తకళల బోర్డు తరఫున 1957లో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారి లాంటి పాతతరం వాళ్ళు కొత్తవాళ్ళని కూర్చోబెట్టి నేర్పారు. ఆయన కుమారుడు గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు. అది పేపర్లో చదివిన రోజు మా ఇంట్లో సొంతవాళ్ళకి వచ్చినంత సంబరం.

నిజానికి మాకు దగ్గర బందరు. పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీ దుప్పట్లు మా ఇళ్ళల్లో మామూలే. కానీ వాటి మీద పువ్వులు, తీగలే ఎక్కువ. బందరు రేవు నుంచి ఆ గుడ్డ పర్షియాకి, ఐరోపాకి ఓడలెక్కి వెళ్ళింది కాబట్టి కొనేవాళ్ళకి నచ్చే పువ్వులు, లతలు వేశారు. దేవుళ్ళ కథలు గుడి నీడన కాళహస్తిలో నిలిచాయి.

ఇక మా గుడ్డ. మధ్యలో పెద్ద గడిలో శ్రీరామ పట్టాభిషేకం. దాని చుట్టూ వరసలు వరసలుగా చిన్న గడులు. పుత్రకామేష్టితో మొదలై బాలకాండ పై వరసలో, యుద్ధం అడుగు వరసల్లో. ప్రతి వరస కింద నల్లటి గీత మీద తెలుగులో కథ రాసి ఉండేది. అక్షరాలు కూడా ఆ కలంతోనే రాసినవి కాబట్టి సీతమ్మ చీర అంచుకీ, కింది అక్షరానికీ గీత లావు ఒకటే. నేను బళ్ళో వేయకముందే గుణింతాలు కూడబలుక్కుని చదివింది ఆ వరసలే.

మొహాలన్నీ కాస్త పక్కకి తిరిగి ఉండేవి. చెవిదాకా సాగిన కళ్ళు, మధ్యలో గుండ్రటి నల్ల గుడ్డు. కిరీటాల మీద, హారాల్లో ముత్యాలన్నీ తెల్లటి చుక్కలు. దగ్గరికి వెళ్ళి చూస్తే అది తెల్ల రంగు కాదు, రంగు తగలకుండా వదిలేసిన గుడ్డ. రాముడి మెడలో అన్ని పేటల హారాల్లో ఒక్క ముత్యం కూడా పక్కదానితో కలిసిపోలేదు. ఆ పని చేసిన చెయ్యి ఎవరిదోగానీ, తలచుకుంటే ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది. గుడ్డ మీద ఎక్కడా పేరు రాసుకోలేదు ఆయన.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మమ్మ ఆ గోడ పక్కన మంచం వాల్చుకునేది. తమ్ముడూ, నేనూ, మామయ్య పిల్లలూ కింద చాప మీద. ఆవిడ చేతిలో తాటాకు విసనకర్ర ఉండేది. కాసేపు విసురుకునేది, కాసేపు దాని కాడతో గడి చూపించేది. "నిన్న ఎక్కడ ఆపాం?" అని అడిగేది. ఆవిడకి తెలియక కాదు, మాకు గుర్తుందో లేదో చూడటానికి.

ఎవరు ఎవరో రంగే చెప్పేస్తుంది అనేది. నీలంగా ఉంటే రాముడో విష్ణువో. పసుపుపచ్చగా ఉంటే అమ్మవార్లు, ఆడవాళ్ళు. ఎర్రగా ఉన్నవాడు రాక్షసుడు. ఆకుపచ్చగా ఉంటే హనుమంతుడు. అందుకే అశోకవనం గడిలో చెట్టు మీద ఆకుల్లో ఆకై కూర్చున్న హనుమంతుణ్ణి ముందెవరు కనిపెడితే వాళ్ళకి బెల్లం ముక్క. రోజూ ఆయన అక్కడే ఉంటాడు, రోజూ పోటీ పడేవాళ్ళం.

పిల్లలందరికీ కుంభకర్ణుడి గడి ఇష్టం. మిగతా గడులకి రెండింతల వెడల్పున పడుకుని ఉండేవాడు. పొట్ట మీద ఏనుగులు నడుస్తుంటాయి, చెవుల దగ్గర భేరీలు, శంఖాలు. కాళ్ళ దగ్గర కుండలకి కుండలు అన్నం. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుని ఉంటాడు. ఆ గడి రాగానే మేమందరం నోటితో డప్పులు కొట్టేవాళ్ళం, అమ్మమ్మ కూడా విసనకర్రతో మంచప్పట్టె మీద వాయించేది.

ఆవిడకి ఇష్టమైంది గుహుడి పడవ. గంగ నీళ్ళని వరసలు వరసలుగా వంకర గీతలతో రాశాడు, మధ్యలో చేపలు, ఒక మొసలి. పడవలో రాముడూ సీతా లక్ష్మణుడూ. గుహుడు తెడ్డు పట్టుకుని నీళ్ళ వంక చూడడు, రాముడి వంకే చూస్తుంటాడు. "నన్నూ ఇలాగే తెచ్చారే అమ్మడూ, సీతానగరం రేవు నుంచి పడవలో. అప్పటికి బ్యారేజీ లేదుగా. మీ తాతయ్య కూడా నీళ్ళ వంక చూడలా" అని నవ్వేది. ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. అంతకుముందు కృష్ణ దాటి కాపురానికి వచ్చిన ఆవిడకి గంగ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక్క గడి మాత్రం చెప్పేది కాదు. రావణసంహారం తర్వాత, మంటల మధ్య చేతులు జోడించి నిలబడ్డ సీతమ్మ గడి. విసనకర్ర కాడ దాని మీదుగా గాల్లోనే దాటి పుష్పక విమానం మీద వాలేది. మేం ఊరుకుంటామా, ఇదేంటి ఇదేంటి అని చెవిలో జోరీగల్లా పోరేవాళ్ళం. "కింద రాసుందిగా, మీరే చదువుకోండి. అంత మాట అన్నాక నాకు చెప్పబుద్ధి కాదు" అనేసి పక్కకి తిరిగి పడుకునేది. రామనామం రాయకుండా మంచినీళ్ళు ముట్టని మనిషి ఆవిడ. అయినా ఆ విషయంలో రాముణ్ణి క్షమించలేదు. అలా భక్తీ, కోపమూ రెండూ ఒకే మనసులో ఉండొచ్చని నాకు తెలిసింది ఆ మంచం పక్కనే.

హాలుకి పడమటి వైపు పెద్ద కిటికీ ఉండేది. సాయంత్రం ఎండ ఏటవాలుగా వచ్చి గుడ్డ కుడి భాగం మీద పడేది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వైపు ఆకుపచ్చలు మారుతూ వచ్చాయి. సుందరకాండ వరస ఎడమ చివర సముద్రం మీద ఎగురుతున్న హనుమంతుడు ఆకుపచ్చగానే ఉన్నాడు. అదే వరస కుడి చివర చూడామణి పట్టుకుని రాముడి ముందు మోకరిల్లిన హనుమంతుడు నీలంగా అయిపోయాడు. ఇది ముందు గమనించింది తమ్ముడు. అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికెళ్ళి చూసింది. "మారడూ మరి! వెళ్ళేటప్పుడు పచ్చగా వెళ్ళాడు. సీతమ్మని చూసి వచ్చేసరికి రాముడి రంగుకి తిరిగాడు" అంది. ఆ రోజు నుంచి మా కథలో అది కూడా చేరిపోయింది. పక్కింటి పిల్లలకి మేమే చెప్పేవాళ్ళం.

దసరా వచ్చిందంటే బెజవాడంతా అమ్మవారిదే. కొండ మీద రోజుకో అలంకారం, ఇంట్లో బొమ్మల కొలువు. కొండపల్లి పక్కనే కాబట్టి మా కొలువులో దశావతారాల సెట్టు తప్పనిసరి. తెల్ల పొణికి చెక్కతో చేసి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు పూడ్చే ఆ బొమ్మలు చేతిలో దూదిలా తేలిగ్గా ఉంటాయి. కొలువు మెట్లు కలంకారీ గుడ్డ కిందే కట్టేవాళ్ళం.

రామాలయం దగ్గర ఖాళీ స్థలంలో తోలుబొమ్మలాట చూసింది కూడా ఒక దసరాకే. బొమ్మలు మనిషంత ఎత్తు. మేకతోలుని పలచగా గీకి, రంగులు వేసి, నగలున్న చోటల్లా సన్నగా చిల్లులు కొడతారు. వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి వెలుగు వచ్చి కంఠెలు, వడ్డాణాలు నిజంగా మెరుస్తాయి. మా గుడ్డ మీద ముత్యాలు రంగు లేని గుడ్డ అయితే, ఇక్కడ తోలు లేని వెలుగు. నవ్వించే కేతిగాడూ బంగారక్కా రాగానే పిల్లలందరూ లేచి నిలబడ్డారు. అమ్మమ్మ మాత్రం ప్రతి పాత్ర తెర మీదికి రాగానే, వాళ్ళు పాట ఎత్తుకోకముందే పేరు చెప్పేసేది.

క్యాలెండర్ దేవుళ్ళూ ఉండేవారు మా ఇంట్లో, కిరాణా కొట్టువాళ్ళిచ్చినవి. గులాబీ రంగు బుగ్గలు, వెనక మంచుకొండలు. ఏడాది తిరగ్గానే పుస్తకాలకి అట్టలయ్యేవి. అందులో తప్పులేదు, కానీ వాళ్ళెవరూ నాకు గుర్తులేరు. ఇప్పుడు కళ్ళు మూసుకుని రాముణ్ణి తలచుకుంటే నాకు కనపడేది పక్కకి తిరిగిన ఆ నీలం మొహమే.

ఉద్యోగంలో చేరాక అమ్మతో కలిసి కాళహస్తి వెళ్ళాను. తాతయ్య గుడ్డ కొన్నది ఏ ఇంట్లోనో అమ్మకి తెలియదు. మేం వెళ్ళిన ఇంట్లో ఒక పెద్దాయన కింద బల్ల ముందు మఠం వేసుకుని కూర్చుని రాస్తున్నాడు. చేతిలో వెదురు పుల్ల. ఒక చివర కొస చెక్కి, దానికి కాస్త పైన ఉన్ని గుడ్డ చుట్టి దారంతో బిగించి కట్టాడు. ఆ ఉండని సిరాలో ముంచి వేళ్ళతో మెల్లగా నొక్కితే రంగు కొస దాకా జారుతుంది. అదే కలం. ఆ సిరాని కసిమి అంటారు. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి కుండ మూతి కట్టి సుమారు 20 రోజులు మగ్గబెడతారట.

నేను కళ్ళారా చూసింది ఇది. ఆయన సీతమ్మ కనుబొమ గీశాడు. కుండలో ఆ నీళ్ళు బూడిదరంగుకి దగ్గరగా, పలచగా ఉన్నాయి. గుడ్డ మీద కూడా ముందు అలాగే పడింది. "ఇంతేనా, ఇంత మాసినట్టుందేం?" అంది అమ్మ. "చూస్తా ఉండండమ్మా" అన్నాడాయన తలెత్తకుండా. మేం చూస్తుండగానే ఆ గీత ముదిరింది. కనుబొమ కాటుక పెట్టినట్టు నల్లబడింది. ముందే ఆ గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరేసి ఉంచారు. కరక్కాయలోని వగరూ, కసిమిలోని ఇనుమూ కలిసి అక్కడికక్కడే నలుపు పుడుతుంది. పాలలోని జిడ్డు వల్ల గీత పక్కకి పాకదు.

ఎరుపు సంగతి ఇంకా వింత. ఎర్రగా కావలసిన చోట పటిక నీళ్ళు రాస్తారు, దానికి రంగంటూ ఏమీ కనపడదు. తర్వాత ఎర్ర రంగునిచ్చే చిరివేరు, మంజిష్ఠ లాంటివి వేసిన నీళ్ళలో గుడ్డంతా మరగబెడతారు. పటిక తగిలిన చోట ఎరుపు పట్టుకుని నిలుస్తుంది, మిగతాది పారే నీళ్ళలో ఉతికితే పోతుంది. అందుకే ఈ పనికి ఏరు కావాలి, అందుకే ఇది స్వర్ణముఖి ఒడ్డున నిలబడింది. ఆ తర్వాత మళ్ళీ పాలు, కరక్కాయ పువ్వుతో పసుపు, చివర నీలి. ఒక్కో రంగుకీ ఒక ఉతుకు, ఒక ఆరబెట్టడం.

అమ్మ ఉండబట్టలేక హనుమంతుడి గురించి అడిగింది. ఆయన కలం పక్కన పెట్టాడు. "మాకు ఆకుపచ్చ అని వేరే రంగు ఉండదమ్మా. ముందు పసుపు పూసి దాని మీద నీలం వేస్తాం. ఎండ తగిలే చోట పసుపు పోతుంది, నీలం నిలబడుతుంది" అన్నాడు. అమ్మ అమ్మమ్మ మాట చెప్పింది. ఆయన లోపలికి చూసి భార్యని కేకేసి, "ఇటు రా, వీళ్ళ పెద్దామె ఏం చెప్పిందో విను" అని అమ్మ చేత మళ్ళీ చెప్పించుకున్నాడు.

ఇంటికొచ్చాక అమ్మమ్మకి ఈ పసుపూ నీలం వివరమంతా చెప్పాను. అప్పటికి ఆవిడ మంచం దిగడం లేదు. అంతా విని, "సరేలే, నీలం ఆయనలో ముందునుంచీ ఉన్నదేగా అయితే" అంది.

అమ్మమ్మ పోయాక ఆ ఇల్లు అపార్ట్‌మెంట్లకి ఇచ్చేశారు. కొత్త ఫ్లాట్లలో అంత గోడ ఎవరికీ లేదు. చిన్నమామయ్యకి సింగ్‌నగర్‌లో సొంతిల్లు ఉండటంతో గుడ్డ అక్కడికి వెళ్ళింది. మడత పెడితే మడతల దగ్గర చిరుగుతుందని వెదురు బొంగుకి చుట్టి, పాత నూలు చీర కప్పి రిక్షాలో తీసుకెళ్ళాడు మామయ్య.

2024 సెప్టెంబరు 1 విజయవాడ వాళ్ళెవరూ మరిచిపోయే రోజు కాదు. ఒక పక్క ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో మర్నాటికల్లా 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, ఇంకో పక్క గండ్లు పడ్డ బుడమేరు వాగు. సింగ్‌నగర్ మునిగిపోయింది. మామయ్యా అత్తయ్యా మేడ మీద వాటాలోకి ఎక్కేశారు. ఫోను కలిసినప్పుడల్లా మందులున్నాయా, తాగడానికి నీళ్ళున్నాయా అని అడగడమే సరిపోయింది, గుడ్డ సంగతి ఎత్తడానికి ఎవరికీ నోరు రాలేదు. నీళ్ళు తీశాక మామయ్యే ఫోన్ చేశాడు. "అక్కా, గోడ మీద సగం దాకా నీళ్ళొచ్చాయే. నాన్న గుడ్డ..." అని ఇంక మాట్లాడలేకపోయాడు.

అమ్మ వెంటనే కాళహస్తికి ఫోన్ చేసింది. పెద్దాయన లేరు, కొడుకు మాట్లాడాడు. "బురద ఎండిపోకముందే కడగాలమ్మా. సబ్బు వద్దు, పిండొద్దు, రుద్దొద్దు. నీళ్ళు పైనుంచి జారేటట్టు పోయండి. నీడలోనే ఆరేయండి. నలుపూ ఎరుపూ ఎక్కడికీ పోవు, భయపడమాకండి" అన్నాడు.

మేడ మీద గుడ్డని ఇద్దరం చెరో కొసా పట్టుకుంటే మామయ్య పైపుతో నీళ్ళు వదిలాడు. మొదట కారిందంతా బురదే. చాలాసేపటికి నీళ్ళు తేటగా దిగడం మొదలైంది. కళ్ళు వచ్చాయి ముందు, ఆ పెద్ద నల్ల కళ్ళు, ఒక్కటీ చెదరలేదు. తర్వాత రావణుడి పది తలల ఎరుపు. కుంభకర్ణుడు ఇంకా నిద్రలోనే ఉన్నాడు. అత్తయ్య పక్కన నిలబడి ఒక్కో గడీ బయటపడుతుంటే పేరు చెబుతూ ఏడుస్తోంది. పసుపు మాత్రం చాలావరకు పోయింది. పట్టాభిషేకంలో సీతమ్మ మొహం గుడ్డ రంగుకి వచ్చేసింది. రాముడి పాదాల దగ్గర కూర్చున్న హనుమంతుడిలో పచ్చదనం మచ్చుకి కూడా లేదు, నిలువెల్లా నీలం. వారధి గడి మీద నీళ్ళు నిలిచిన గుర్తుగా గోధుమరంగు చార ఒకటి అడ్డంగా ఉండిపోయింది. దాన్ని పోగొట్టే ప్రయత్నం ఎవరూ చేయలేదు.

ఆ గుడ్డ ఇప్పుడు మా తమ్ముడింట్లో మేడ మీద గదిలో ఉంది. ఆ గది కిటికీకి తెర వేశారు. అమ్మ కాళహస్తిలో అదే ఇంట్లో కొత్తది ఒకటి రాయమని చెప్పింది, మనవల కోసం. మధ్య గడిలో పట్టాభిషేకమే కదా అని అడిగితే, కాదు, గుహుడి పడవ వేయమంది. ఆ అబ్బాయి కాసేపు ఆలోచించి, కుదురుతుందమ్మా, చేపలు ఎక్కువ వేస్తాను అన్నాడు. తర్వాత అమ్మ అగ్నిప్రవేశం గడి వద్దంది. మరి ఆ చోట ఏం రాయమంటారు, ఖాళీగా వదలలేం కదా అని అతను అడిగాడు. ఫోను స్పీకర్లో ఉంది, పిల్లలు వింటున్నారు. "కుంభకర్ణుడు!" అని అరిచారు ఇద్దరూ ఒకేసారి. అమ్మ నవ్వి, "సరే నాయనా, ఆ చోటు కూడా ఆయనకే ఇచ్చెయ్యి" అంది. నిన్న వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. చింతబొగ్గుతో వేసిన తొలి గీతలు. కుంభకర్ణుడు మూడు గడుల మేర కాళ్ళు చాపుకుని పడుకున్నాడు, అన్నం కుండలు ఇంకా వేయాల్సి ఉందట.